ఇల్లు లేని మనుషుల గురించిన పుస్తకాలు: హైదరాబాద్ పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

మేం కొందరం నెలకోసారి ఒక గ్రంథాలయంలో కూర్చుని చదువుకుంటాం. తలదాచుకోవడానికి చోటు లేనివాళ్ల మీద, ఉన్న చోటు ఎప్పుడు పోతుందో తెలియనివాళ్ల మీద వచ్చిన పుస్తకాలకు ఈమధ్య ఎక్కువ సమయం ఇస్తున్నాం. కొత్తగా వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఎంపికలు నావి.

ఒక్క పుస్తకం చదివే టైమే ఉంది. ఏది చదవమంటారు?

అమన్ సేఠీ రాసిన ‘ఎ ఫ్రీ మ్యాన్’ (2011). ఢిల్లీ సదర్ బజార్ దగ్గర బారా టూటీ అనే లేబర్ అడ్డా ఉంది. అక్కడ ఇళ్లకు రంగులు వేసే మొహమ్మద్ అష్రఫ్ అనే మనిషి చుట్టూ పుస్తకం తిరుగుతుంది. అష్రఫ్ బయాలజీ చదువుకున్నవాడు. దొరికిన రోజు పనికి పోతాడు, రాత్రి ఫుట్‌పాత్ మీద పడుకుంటాడు. ఆయన జీవితాన్ని పుట్టిన దగ్గర్నుంచి తేదీల వారీగా వరసలో పెట్టాలని విలేకరి అయిన సేఠీ తాపత్రయపడతాడు, అష్రఫ్ అంత తేలిగ్గా దొరకడు. కబుర్లు చెబుతాడు, ఎదురు ప్రశ్నలు వేస్తాడు, కొన్నిసార్లు విసుక్కుంటాడు. పుస్తకం అయిపోయేసరికి మనకు ఒక మనిషి పరిచయం అవుతాడు. ‘పేదరికం’ అనే విషయం మీద పాఠం విన్నట్టు ఉండదు. ఉప్పల్లోనో కూకట్‌పల్లిలోనో పొద్దున్నే రోడ్డు పక్కన నిలబడే అడ్డా కూలీలను రోజూ చూసేవాళ్లకు ఇది ఇంకా బాగా పడుతుంది.

ఇంగ్లిషు చదవలేను. తెలుగులో ఏమున్నాయి?

మన దగ్గర ఈ విషయం ఎక్కువగా కథల్లో, కవితల్లో ఉంది. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ చాలా ఇళ్లలో ఉంటుంది. అందులో ‘భిక్షువర్షీయసి’ తీసి చదవండి. దారి పక్కన చెట్టు కింద కూర్చున్న ఒక ముసలామె తప్ప అందులో ఇంకేమీ లేదు. ఆమె చచ్చిపోతే ఆ పాపం ఎవరిదని గాలి అడుగుతుంది, చుట్టుపక్కల ఉన్న జీవాలేవీ జవాబు చెప్పవు. ఆమె పేరు, ఊరు, కథ ఏదీ మనకు చెప్పకుండా కవి ప్రశ్నను నేరుగా దారిన పోయేవాళ్ల మీద వేశాడు. రెండు నిమిషాల్లో అయిపోయే కవిత, రోజంతా వెంటాడుతుంది.

తర్వాత చాసో (చాగంటి సోమయాజులు) కథ ‘ఎంపు’. ముష్టివాళ్ల మధ్య కుదిరే ఒక పెళ్లి సంబంధం గురించి. కూతురి మనసు కుంటివాడి మీద ఉంది. తండ్రి మాత్రం గుడ్డివాడైతే ముష్టి ఎక్కువ పడుతుందని లెక్క వేస్తాడు. ఏ తండ్రి అయినా సంబంధం చూసేటప్పుడు వేసే లెక్కే అది: కుర్రాడి సంపాదన ఎంత, పిల్ల తిండికి లోటు ఉంటుందా. చాసో ఒక్క చోట కూడా కన్నీళ్లు పెట్టించడానికి ప్రయత్నించడు. ఈ విషయం మీద తెలుగులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రచన ఇదే.

పెద్దింటి అశోక్ కుమార్ ‘జిగిరి’ ఎలుగుబంటిని ఆడించుకుంటూ తిరిగే సంచార కుటుంబం కథ. ఎలుగును వదిలించుకుని ఒకచోట స్థిరపడాలని కొడుకు పట్టు, దాన్ని వదల్లేక తండ్రి బాధ. ఇల్లు అనేది ఎవరి షరతుల మీద దొరుకుతుందో ఈ చిన్న నవల చూపించినంత బాగా పెద్ద పెద్ద వ్యాసాలు కూడా చూపించవు. పి. సాయినాథ్ ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్’ (1996) తెలుగులోకి కూడా వచ్చింది. అందులో ఒడిశా కోరాపుట్ జిల్లాలోని చికాపార్ అనే ఊరి గురించి ఉన్న కథనం తప్పక చదవండి. అభివృద్ధి పేరుతో ఆ ఊరిని ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ ఖాళీ చేయించారు.

ఆర్వెల్ పుస్తకం ఎప్పుడో 1933 నాటిది. ఇప్పుడు దాంతో పనేంటి?

‘డౌన్ అండ్ అవుట్ ఇన్ ప్యారిస్ అండ్ లండన్’ సగం ప్యారిస్ హోటళ్ల వంటగదుల్లో, సగం లండన్ రోడ్ల మీద నడుస్తుంది. ఎరిక్ బ్లెయిర్ అనే యువకుడు జార్జ్ ఆర్వెల్ అన్న పేరు పెట్టుకున్నది ఈ పుస్తకంతోనే. దీన్ని ఇప్పుడు కూడా చదవమనడానికి నా కారణం ఒకటుంది. ఇల్లు లేనివాళ్లు అలా ఎందుకు బతుకుతున్నారో ఆయన మనుషుల స్వభావంలో వెతకలేదు. రూల్స్‌లో వెతికాడు.

అప్పట్లో ఇంగ్లండ్‌లో ‘స్పైక్’ అని పిలిచే రాత్రి బసలు ఉండేవి. ఒక స్పైక్‌లో పడుకున్నవాడు నెల తిరిగేదాకా మళ్లీ అక్కడికి రాకూడదు. వస్తే పట్టుకుని ఉంచేసేవాళ్లు. దాంతో ఇవాళ ఈ ఊళ్లో పడుకున్నవాడు రేపు మైళ్లకొద్దీ నడిచి ఇంకో ఊరికి పోవాల్సిందే. చూసేవాళ్లేమో వీళ్లకు ఊరికే తిరగడం జబ్బు, ఒకచోట కాలు నిలవదు అనుకునేవాళ్లు. ఇంకో చోట రెండు పెన్నీల బస గురించి రాశాడు. పడుకోవడం ఉండదు. బెంచీ మీద వరసగా కూర్చోబెట్టి, ముందు ఒక తాడు కడతారు. దాని మీదికి వాలి నిద్రపోవాలి. తెల్లవారుజామున ఐదింటికి ఒకడొచ్చి తాడు కోసేస్తాడు.

మన దగ్గర పార్కు ఎన్నింటికి మూస్తారు, బస్టాండులో టికెట్ లేకుండా ఎంతసేపు కూర్చోనిస్తారు, షెల్టర్ తలుపు ఎన్నింటికి తీస్తారు అనే వాటిని బట్టే ఒక మనిషి రోజు ఎలా గడవాలో నిర్ణయమవుతుంది. ఆ దృష్టితో ఊరిని చూడటం ఆర్వెల్ నేర్పిస్తాడు.

ఆయనకు ముందే జాక్ లండన్ 1902లో పాత బట్టలు కొనుక్కుని లండన్ ఈస్ట్ ఎండ్‌లో తిరిగి ‘ద పీపుల్ ఆఫ్ ది అబిస్’ (1903) రాశాడు. పోలీసులు ఎక్కడా కన్ను మూయనివ్వక రాత్రంతా నడుస్తూనే ఉండే మనుషులు అందులో ఉన్నారు. రెండింట్లో ఒకటి చాలంటే ఆర్వెల్ తీసుకోండి.

అద్దె ఇంట్లో, బస్తీలో ఉండేవాళ్లను కూడా ఈ లెక్కలో ఎందుకు కలుపుతున్నారు? వాళ్లకు ఇల్లుంది కదా?

ఉంది. వచ్చే నెల ఉంటుందా అన్నదే ప్రశ్న. మాథ్యూ డెస్మండ్ ‘ఎవిక్టెడ్’ (2016) దీని మీదే. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఎనిమిది కుటుంబాల మధ్య ఉండి రాశాడు, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆర్లీన్ అనే తల్లికి వచ్చే ప్రభుత్వ సాయంలో నూటికి 88 వంతులు అద్దెకే పోతుంది. మిగిలిన దాంతో ఇద్దరు పిల్లల్ని సాకాలి. ఆమె కథ ఎలా మొదలవుతుందంటే, పెద్దబ్బాయి ఆటగా ఒక కారు మీదికి మంచు ముద్ద విసురుతాడు. కారులోంచి మనిషి దిగి వచ్చి కోపంతో వాళ్ల తలుపు తన్ని పగలగొడతాడు. తలుపు పాడైందని ఓనర్ ఇల్లు ఖాళీ చేయిస్తుంది. ఒక్క తలుపు పోయింది, దాని వెనక బడి, సామాను, చుట్టుపక్కల పరిచయాలు అన్నీ పోయాయి.

పేదవాళ్లు కాబట్టి ఇల్లు పోయింది అని మనం అనుకుంటాం. ఇల్లు పోవడం వల్ల మనుషులు ఇంకా పేదవాళ్లవుతారని డెస్మండ్ చూపిస్తాడు. ఈ పేజీలోని పుస్తకాలన్నిట్లో నా ఆలోచనను ఎక్కువగా మార్చింది ఇదే అని చెప్పగలను.

హైదరాబాద్‌లో అద్దెకున్నవాళ్లకు ఇదేం కొత్త కాదు. పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు, ‘మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చేయండి’ అనే ఫోను. బస్తీలో అయితే అడ్డుగోడ ఒకటే: పట్టా. ప్రభుత్వ స్థలంలో 125 గజాల లోపు ఇల్లు వేసుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరించే జీవో 58 వచ్చింది 2014 డిసెంబరులో. ఆ కాగితం వచ్చినవాళ్ల బతుకూ, రానివాళ్ల బతుకూ ఒకే గల్లీలో పక్కపక్కనే ఉన్నా వేరు. 2024లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ ప్రాంతాల్లో, మూసీ ప్రాజెక్టు కోసం కూల్చబోయే ఇళ్ల గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. చాలా కుటుంబాలు ప్రభుత్వ డబుల్ బెడ్రూం ఇళ్లకు మారాయి. కొత్త ఇల్లు పక్కాదే కావచ్చు. పాచిపనికి వెళ్లే నాలుగు ఇళ్లు, పిల్లల బడి, అప్పుగా సరుకులిచ్చే కిరాణా కొట్టు దాని పక్కన రావు.

బస్తీ కూల్చివేత మీద మన దేశపు నవల కావాలంటే భీష్మ సాహ్ని హిందీలో రాసిన ‘బసంతి’ ఉంది. ఢిల్లీలో ఒక బస్తీని నేలమట్టం చేయడంతో మొదలవుతుంది. ముంబై ఎయిర్‌పోర్టు పక్కన అన్నావాడి అనే బస్తీ మీద కేథరిన్ బూ రాసిన ‘బిహైండ్ ద బ్యూటిఫుల్ ఫరెవర్స్’ (2012) కూడా చదవదగ్గదే. చెత్త ఏరి, వేరుచేసి అమ్మే అబ్దుల్ అనే కుర్రాడు అందులో కేంద్రం. నవలలా సాగుతుంది గానీ జరిగిన సంగతులే.

మన నగరం గురించి ఏమైనా ఉందా?

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద దగ్గర మొదలుపెట్టండి. వేలమంది చనిపోయారు, అంతకన్నా ఎంతోమందికి నిలువ నీడ లేకుండా పోయింది. రుబాయీలకు పేరుపొందిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క రోజులో తల్లినీ, భార్యనూ, కూతుర్నీ పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖంతో రాసిన కవిత ‘ఖయామతే సుగ్రా’. ఉర్దూ చదవగలిగినవాళ్లు మన బృందంలో ఉంటే గట్టిగా చదివించుకుని అర్థం చెప్పించుకోండి. అప్పట్లో ఎంతోమంది ఎక్కి ప్రాణాలు కాపాడుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే 1912లో నగర అభివృద్ధి బోర్డు, ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. మన నగరం ఇప్పుడున్న రూపానికి రావడంలో ఇళ్లు కోల్పోయినవాళ్ల కథ అలా కలిసిపోయి ఉంది.

ఇటీవలి సంగతి అంటే 2020 లాక్‌డౌన్. వలస కూలీల కోసం దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు ఆ ఏడాది మే 1న మన లింగంపల్లి నుంచే బయల్దేరింది, దాదాపు 1200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు. కట్టే బిల్డింగు దగ్గరే రేకుల షెడ్డులో ఉండేవాళ్లకు పని ఆగిందంటే ఇల్లూ ఆగినట్టే అని అందరికీ అప్పుడు కనిపించింది. ఆ రోజుల మీద వినోద్ కాప్రి ‘1232 కి.మీ.’ (2021) ఉంది. ఘజియాబాద్ నుంచి బిహార్‌కు సైకిళ్ల మీద పోయిన ఏడుగురి ప్రయాణం.

ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లు పని చేసుకుని గది తీసుకోవచ్చు కదా?

చాలామంది పని చేస్తూనే ఉన్నారు. క్యాటరింగ్‌లో వడ్డించేవాళ్లు, హమాలీలు, చెత్త ఏరేవాళ్లు, పెళ్లిళ్లలో లైట్లు మోసేవాళ్లు. ఎలియట్ లీబో ‘టెల్ దెమ్ హూ ఐ యామ్’ (1993) ఈ ప్రశ్నకు దొరికే మంచి జవాబు. క్యాన్సర్ అని తెలిశాక ఉద్యోగం మానేసి, వాషింగ్టన్ చుట్టుపక్కల షెల్టర్లలో వలంటీరుగా పనిచేస్తూ అక్కడి ఆడవాళ్ల గురించి రాశాడు. వాళ్లలో ఉద్యోగం ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. నిద్ర చాలకపోవడం, పొద్దున్నే షెల్టర్ ఖాళీ చేశాక సాయంత్రం దాకా పొద్దు గడపడం, సామాను పెట్టుకునే చోటు లేకపోవడం లాంటి వాటి మీద పేజీలకు పేజీలు రాశాడు. మనకు తట్టని కష్టం ఆ మూడోది.

ఒక నైట్ షెల్టర్‌లో నేను చూసింది చెబుతాను. గోడకు వరసగా మేకులు కొట్టి, ఒక్కో మేకుకు ఒక్కో బట్టల షాపు సంచి తగిలించారు. ఒక పెద్దాయన తన సంచి దించి చూపించాడు. ల్యామినేషన్ చేయించిన ఆధార్, ఆసుపత్రి చీటీలు, ఫోన్ చార్జర్, అంచులు నలిగిన కూతురి పెళ్లి కార్డు. ‘ఇది పోతే మళ్ల ఆఫీసుల చుట్టు తిరగాలె సార్, పనికి ఎప్పుడు పోవాలె’ అన్నాడు. బయట పడుకునేవాళ్లకు ఆ మేకు కూడా ఉండదు. చలికాలంలో మనం పంచే దుప్పట్లు నాలుగు రోజుల్లో మాయమైతే అమ్ముకున్నారని అంటాం. పొద్దున్నే పనికి పోయే మనిషి ఆ దుప్పటిని పగలంతా ఎక్కడ పెట్టాలి?

మరి అడుక్కునేవాళ్లు?

ఇల్లు లేనివాళ్లందరూ అడుక్కోరు. అడుక్కునేవాళ్లందరూ ఇల్లు లేనివాళ్లూ కారు. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల ఇబ్బంది పడేది కూలి చేసుకునేవాళ్లే. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షాటనను నిషేధించి, దొరికినవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, అడుక్కోవడాన్ని నేరంగా చూసే నిబంధనలు రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. ఆ తీర్పు ఢిల్లీ వరకే. కేసు వేసినవాళ్లలో ఒకరైన హర్ష్ మందర్ రాసిన ‘లుకింగ్ అవే’ (2015), మనం చూసీ చూడనట్టు పోవడానికి ఎలా అలవాటు పడ్డామో చర్చిస్తుంది. జయమోహన్ తమిళ నవల ‘ఏళామ్ ఉలగం’ అంగవైకల్యం ఉన్న బిచ్చగాళ్లను సరుకులా కొని అమ్మే లోకం గురించి. చాలా కఠినంగా ఉంటుంది. మనసు నిలకడగా లేనప్పుడు మొదలుపెట్టకండి.

ఇలాంటి బతుకు బతికినవాళ్లే స్వయంగా రాసుకున్నవి కావాలి.

బేబీ హల్దార్ ‘ఆలో ఆంధారి’ (2002). గుర్గావ్‌లో ఇళ్లలో పనిచేసే ఆమె, యజమాని ఇచ్చిన నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. ఆ యజమాని ప్రేమ్‌చంద్ మనవడు. పిల్లల్ని వెంటేసుకుని ఒక గది నుంచి ఇంకో గదికి మారడం అందులో ఊపిరి తీసుకున్నంత మామూలుగా వస్తూ ఉంటుంది. లక్ష్మణ్ మానే మరాఠీలో రాసిన ‘ఉపరా’ (1980) గాడిదల మీద సంసారం వేసుకుని ఊరూరా తిరుగుతూ బుట్టలల్లే కైకాడీల ఇంట్లోంచి వచ్చిన ఆత్మకథ. సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. లార్స్ ఐగ్నర్ ‘ట్రావెల్స్ విత్ లిజ్‌బెత్’ (1993) కుక్కను వదల్లేక రోడ్డు మీదే ఉండిపోయిన రచయిత రాసింది. చెత్తకుండీలో దొరికిన తిండిలో ఏది తినొచ్చు, ఏది తినకూడదు అని ఆయన వివరించే తీరు చూస్తే ఎంత తెలివి, ఎంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది.

మంచి పుస్తకమా, జాలి కోసం రాసిందా అని ఎలా తెలుసుకోవాలి?

నేను ఒకటే చూస్తాను. ఆ మనిషి నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నాడు, దానికి ఎంత ఇచ్చాడు, ఎవరిని బతిమాలాడు, పొద్దున ఎక్కడ మొహం కడుక్కున్నాడు అనేది పుస్తకం చెబుతుందా? ఇవి తెలుసుకోకుండా రాసినవాళ్లు మనిషి దగ్గర కూర్చోలేదని అర్థం. కళ్లలో నీళ్లు, వణికే చేతులు, చిరిగిన చొక్కా మాత్రమే ఉంటే పక్కన పెట్టేస్తాను.

ఇంకొకటి కూడా ఉంది. ఎవరి గురించి రాశారో వాళ్లకు అందులో మాట చెల్లిందా? అలెగ్జాండర్ మాస్టర్స్ ‘స్టూవర్ట్: ఎ లైఫ్ బ్యాక్‌వర్డ్స్’ (2005)లో, ఇల్లు లేకుండా రోడ్ల మీద బతికిన స్టూవర్ట్ తన గురించి రాసిన మొదటి రాతప్రతి చదివి బోరు కొడుతోందని తేల్చేస్తాడు. తన కథను వెనక నుంచి ముందుకు చెప్పమని, చిన్నప్పటి తనను ఎవరు చంపేశారో వెతికే హత్య కేసులా రాయమని సలహా ఇస్తాడు. రచయిత అలాగే రాశాడు. మీరు కూడా ఎప్పుడైనా ఎవరి గురించైనా రాయాలనుకుంటే రాసింది ముందు వాళ్లకు చదివి వినిపించండి. నిద్రపోతున్న మనిషి ఫొటో మాత్రం ఎప్పటికీ తీయకండి.

చట్టం గురించి కొంచెం తెలియాలంటే?

1985 నాటి ఓల్గా టెల్లిస్ కేసు తీర్పు చదవండి. బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్లను 1981లో ఖాళీ చేయించడం మీద వేసిన కేసు. బతుకుదెరువు హక్కు జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ గుర్తుండేది ఇదే. నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది, అది కూడా చదవాలి. పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం వందమంది ఉండగలిగే శాశ్వత షెల్టర్ ఒకటి ఉండాలన్నది పట్టణాల్లో ఇల్లు లేనివాళ్ల కోసం వచ్చిన కేంద్ర పథకం పెట్టిన నియమం, ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల చోటు చొప్పున. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లు దేశంలో దాదాపు 17.7 లక్షలమంది అని తేలింది. ఆ లెక్క ఒకే రాత్రి, ఫిబ్రవరి 28న తీశారు. ఆ రాత్రి ఎవరికీ కనపడకుండా పడుకున్నవాళ్లు అందులో ఉండే అవకాశం తక్కువ.

పిల్లలతో ఏం చదివించాలి?

ఈవ్ బంటింగ్ బొమ్మల పుస్తకం ‘ఫ్లై అవే హోమ్’ (1991). తండ్రీ కొడుకూ ఎవరి కంటా పడకుండా ఎయిర్‌పోర్టులో ఉంటారు. మీరే పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ బొమ్మలు చూపించండి. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, వాళ్లు స్నానం ఎక్కడ చేస్తారు అని. పెద్దవాళ్లకు తట్టదు.

ఇవి చదువుతుంటే టెన్షన్‌గా ఉంటోంది.

నెలకు ఒకటి చాలు. రెండు బరువైన పుస్తకాల మధ్య జెస్సికా బ్రూడర్ ‘నోమాడ్‌ల్యాండ్’ (2017) లాంటిది పెట్టుకోండి. ఇళ్లు పోయి వ్యాన్లలో తిరుగుతూ గోదాముల్లో పనిచేసే పెద్దవయసు అమెరికన్లు, వాళ్ల స్నేహాలు. స్టైన్‌బెక్ ‘ద గ్రేప్స్ ఆఫ్ ర్యాత్’ (1939) పెద్ద నవల. అందులో ప్రభుత్వ క్యాంపులో వలస కుటుంబాలు తామే కమిటీలు వేసుకుని, బాత్‌రూములు శుభ్రంగా ఉంచుకుని, శనివారం డ్యాన్సులు పెట్టుకునే భాగం చదివితే ఊపిరి ఆడుతుంది.

ఎక్కడ దొరుకుతాయి?

తెలుగువి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం. కొనాలంటే కాచిగూడ నవోదయ, లేదంటే డిసెంబరు బుక్ ఫెయిర్. ఇంగ్లిషువి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి, ఆర్వెల్, స్టైన్‌బెక్ తరచూ కనిపిస్తారు.

నైట్ షెల్టర్‌కు పుస్తకాలు ఇవ్వొచ్చా?

ఇవ్వండి, ముందు వార్డెన్‌తో మాట్లాడి. సాయంత్రం ఏడు దాటాక వెళ్తే మనుషులుంటారు. పాత పోటీ పరీక్షల గైడ్లు, వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు తీసుకుపోకండి. ఈ పేజీలో చెప్పినవి కూడా వద్దు, వాళ్ల సంగతి వాళ్లకు తెలుసు. అక్షరాలు పెద్దగా ఉన్నవి, పల్చటివి, సంచిలో పట్టేవి కావాలి. తెలుగుతో పాటు హిందీ, ఉర్దూ, ఒడియా, మరాఠీ చదివేవాళ్లు ఉంటారు, అడిగి తెలుసుకోండి. నేను చూసినంతలో ఎక్కువ చేతులు మారినవి పాత చందమామలు, ఆ రోజు పేపరు. చదవడం రానివాళ్ల కోసం ఎవరో ఒకరు పేపరు పైకి చదువుతారు, కాబట్టి రోజూ ఒక పేపరు వేయించి నెల బిల్లు కట్టగలిగితే అది మొదట చేయండి. రెండు జతల చదువుకునే కళ్లద్దాలు కూడా వార్డెన్ దగ్గర ఉంచండి.